కన్నీళ్లు పాఠకుడికి వదిలేయండి

శంషాబాద్ విమానాశ్రయానికి ఏడుపు కొత్త కాదు. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారిన నాటి నుంచి పై అంతస్తులో డిపార్చర్స్ ద్వారాల ముందు సాగనంపేవాళ్లు, కింద అరైవల్స్ దగ్గర మెడలు సాచి ఎదురుచూసేవాళ్లు లేని పూట లేదు. 2023-24లో ఈ విమానాశ్రయం మీదుగా దాదాపు 2.5 కోట్ల మంది రాకపోకలు సాగించారు. డాలస్‌లో ఎమ్మెస్ చేయబోయే కుర్రాడు, దోహాలో తాపీ పనికి పోతున్న జగిత్యాల మనిషి, కూతురి పురుడు కోసం తొలిసారి విమానం ఎక్కుతున్న గుంటూరు అమ్మమ్మ, అందరూ ఒకే వరుసలో నిలబడతారు.

ఇన్ని కథలు ఇక్కడ నడుస్తున్నా విమానాశ్రయంలో మొదలయ్యే కొత్తవాళ్ల కథల్లో చాలావరకు మొదటి పేజీలోనే చచ్చుబడిపోతాయి. వస్తువు పేలవమై కాదు. కళ్లు చెమర్చడం, గొంతు పూడుకుపోవడం, గుండె బరువెక్కడం, మాట పెగలకపోవడం అన్నీ ఒక్క పేరాలోనే జరిగిపోతాయి. పాత్రలు అంతగా ఏడ్చాక పాఠకుడికి చేయడానికి ఏమీ మిగలదు. పక్క సీట్లో ఎవరో తెలియనివాళ్లు ఏడుస్తుంటే ఇబ్బందిగా కిటికీలోంచి బయటికి చూస్తామే, అలా చూసి పేజీ తిప్పేస్తాడు.

చదివేవాడిలో ఉద్వేగం ఎలా పుడుతుందన్న ప్రశ్నకు మన దగ్గర చాలా పాత సమాధానం ఉంది. భరతుడు నాట్యశాస్త్రంలో రసం పుట్టడానికి మూడింటిని చెప్పాడు. విభావం, అంటే కారణమూ దాని పరిసరాలూ. అనుభావం, అంటే ఆ కారణానికి మనిషి ఒళ్లు, చూపు, చేతులు చేసే పని. వ్యభిచారి భావాలు, అంటే ప్రధానమైన భావం వెంట వచ్చిపోయే చిన్న చిన్న మనోస్థితులు. ఈ మూడూ కలిసినప్పుడు చూసేవాడిలో రసం పుడుతుంది. నటుడు ‘నాకు దుఃఖంగా ఉంది’ అని ప్రకటించడం ఈ జాబితాలో ఎక్కడా లేదు. 11వ శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశంలో ఇంకో అడుగు ముందుకేసి, భావాన్ని దాని పేరుతోనే చెప్పేయడాన్ని రసదోషాల్లో మొదట లెక్కవేశాడు. ఇంగ్లీషు రచనా తరగతుల్లో ‘చెప్పొద్దు, చూపించు’ అని నేర్పే పాఠం అలంకారశాస్త్రం చదువుకున్న తెలుగువాళ్లకు అలా వందల ఏళ్లుగా తెలిసిందే. తెలిసినా రాసేటప్పుడు మరిచిపోతున్నాం.

ఒక ఉదాహరణ చూద్దాం. కొడుకు అమెరికా వెళ్తున్నాడు, తల్లి సాగనంపడానికి వచ్చింది. అలవాటైన పద్ధతి ఇది:

‘సుజాత కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి. కన్నపేగు కదిలింది. ఇన్నేళ్లు అల్లారుముద్దుగా పెంచుకున్న కొడుకు సప్తసముద్రాల అవతలికి వెళ్లిపోతుంటే ఆమె గుండె ముక్కలైంది.’

ఇందులో సుజాత అన్న పేరు తీసి ఇంకే పేరు పెట్టినా తేడా ఉండదు. కొడుకు స్థానంలో కూతురిని, అమెరికా స్థానంలో అత్తవారిల్లును పెట్టినా సరిపోతుంది. ఏ తల్లికైనా సరిపోయే వాక్యం ఏ తల్లిదీ కాదు. అదే దృశ్యాన్ని ఇంకోలా రాయవచ్చు:

‘ట్రాలీ పక్కన నేల మీదే కూర్చుని సుజాత సూట్‌కేసు తెరిచింది. చేతి త్రాసు ఇరవై నాలుగున్నర చూపిస్తోంది. “స్వెటర్ తీసెయ్” అన్నాడు భర్త. “అక్కడ చలి” అంది. “పచ్చడి తీసెయ్యమ్మా, అక్కడ దొరుకుతుంది” అన్నాడు కొడుకు ఫోన్లోంచి తలెత్తకుండా. ఆమె ఆవకాయ డబ్బా తీసింది. నూనె కారకుండా చుట్టిన మూడు కవర్లూ విప్పి, మళ్లీ చుట్టింది. ముల్లు ఇరవై మూడుకు వచ్చింది. వాడు లోపలికి వెళ్లాక భర్త పార్కింగ్ చీటీ కోసం జేబులన్నీ వెతికాడు. అది అతని చేతిలోనే ఉంది. కారు మెహిదీపట్నం దాటేదాకా డబ్బా ఆమె ఒళ్లోనే ఉంది.’

ఇక్కడ ఎవరూ ఏడవలేదు. అమెరికా వెళ్లే విమానాల్లో ఒక్కో పెట్టెకు సాధారణంగా 23 కిలోలే అనుమతిస్తారన్నది పొడి వాస్తవం. ఆ వాస్తవమే ఆమె చేత ఒక ఎంపిక చేయించింది. ‘అక్కడ దొరుకుతుంది’ అన్న కొడుకు దుర్మార్గుడేమీ కాదు, నిజమే చెప్పాడు. ఆ నిజానికి ఆమె దగ్గర జవాబు లేదు. ఎండలో కాయలు కొట్టించి, నూనె పోసి, జాడీకెత్తిన పని అక్కర్లేనిదైపోయింది. ఆ మాటను రచయిత రాయలేదు. పాఠకుడు తన ఇంటి జాడీని గుర్తుచేసుకుని తానే రాసుకుంటాడు.

భర్త జేబులు వెతుక్కోవడానికి కూడా పాతకాలం పేరొకటి ఉంది. భరతుడు లెక్కవేసిన 33 వ్యభిచారి భావాల్లో ‘అవహిత్థ’ ఒకటి. లోపలి భావం బయటపడకుండా దాచుకోవడమని దానర్థం. తెలుగు కథకుడికి ఆ ముప్పైమూడింటిలో ఎక్కువగా అక్కరకొచ్చేది బహుశా ఇదే. మన ఇళ్లల్లో నాన్నలు ప్రేమను ఎన్నడూ ప్రకటించరు, పెట్రోలు ఉందో లేదో చూస్తారు, సీట్ నంబరు మళ్లీ అడుగుతారు, టోల్ చార్జీ మీద విసుక్కుంటారు. మనిషి దాచుకుంటున్న కొద్దీ చదివేవాడు దాన్ని బయటికి లాగాలని చూస్తాడు. కథలో పాఠకుడు పాలుపంచుకోవడం అక్కడే మొదలవుతుంది.

సంభాషణకూ ఇదే వర్తిస్తుంది. మస్కట్ వెళ్లే కొడుకుతో కోరుట్ల తల్లి ‘నిన్ను విడిచి ఉండలేను’ అనదు. ‘పైలం బిడ్డా, పైసల్ పంపుడు తర్వాత, టైముకింత తిను’ అంటుంది. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన సొమ్ము ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. ఆ అప్పును పైకి చెప్పకుండానే ‘తర్వాత’ అన్న మాటలో ఆమె పక్కకు జరిపింది.

తెలుగు కథలో గొప్పవాళ్లు ఈ పని ఎలా చేశారో దగ్గరగా చూడాలి. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. నియమాలు, వేదాంతం, క్రమశిక్షణతో జీవితం కట్టుకున్న ఒక లాయరు రైలు ప్రయాణం, దారిలో తగిలిన ఒక బిచ్చగత్తె, రాత్రంతా తుఫాను, ఇదే కథ. ముందు ఆమెను ఈసడించుకున్న మనిషి ఆ రాత్రి భయంతో వణికిపోతూ ఆమె ఆసరాతోనే నిలబడతాడు. తెల్లవారాక ఆమె శిథిలాల కింద శవమై కనిపిస్తుంది. ఆమె చేతిలో ఆయన పర్సు ఉంటుంది.

ఆ పర్సు లేకపోతే కథ ఏమయ్యేదో ఊహించండి. మంచి మనసున్న బీదరాలు పెద్దమనిషిని ఆదుకుని చనిపోయింది. పాఠకుడు జాలిపడి పుస్తకం మూసేవాడు. పర్సు ఉండటం వల్ల జాలికి దారి మూసుకుపోయింది. ఆమె ఆయన్ని కాపాడింది, ఆయన డబ్బూ తీసింది. రెండూ నిజం. ఆమె మీద కోపం తెచ్చుకోవాలంటే రాత్రి అడ్డొస్తుంది, పూర్తిగా మెచ్చుకోవాలంటే పర్సు అడ్డొస్తుంది. ఒకదానికొకటి పొసగని రెండు భావాలు ఒకేసారి కలిగించడం వల్లే ఆ కథ డెబ్భై ఏళ్లు దాటినా కుదురుగా ఉండనివ్వదు. రాస్తున్నవాళ్లు తమ ముగింపును ఒకసారి ఈ కోణంలో పరీక్షించుకోవాలి. పాఠకుడికి ఒక్క భావమే కలుగుతుంటే ఎక్కడో ఒక పర్సు తక్కువైందన్న మాట.

విజయనగరం చాసో ‘వాయులీనం’ ఇంకా చిన్నది, ఇంకా నిశ్శబ్దమైనది. భార్య జబ్బు నయం కావడానికి ఆమెకు ప్రాణప్రదమైన వాయులీనాన్ని భర్త అమ్మాల్సి వస్తుంది. ప్రాణం దక్కింది, సంగీతం పోయింది. ఇక్కడ విలన్ లేడు. భర్త చేసింది తప్పని ఎవరూ అనలేరు. తప్పు చేసినవాడు లేని చోట దుఃఖం ఎవరి మీదా దించుకునే వీలుండదు, అందుకే అది పాఠకుడి వెంట ఇంటికి వస్తుంది.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ది మరో దారి. ఆ పెద్ద కథలో అధికభాగం ఒక పంచాయితీ. అప్పల్రాముడు గోపన్నకు బాకీ. ఆ బాకీ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఊరు ఎలా మారింది, పెద్దలు ఏమన్నారు, అన్నీ లెక్కాపత్రంలా సాగుతాయి. కొత్త పాఠకుడికి మధ్యలో ఓపిక కూడా నశించవచ్చు. కారా మాస్టారు తొందరపడరు. చివర అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ ఈ అప్పుకు బానిస కాకూడదని ఆ పసివాణ్ని నరికి తెస్తాడు. అప్పటిదాకా చదివిన ప్రతి అంకె, ప్రతి పెద్దమనిషి మాట ఒక్కసారిగా కొత్త అర్థంతో వెనక్కి తిరిగి వస్తుంది. ఆ ముగింపును కథ మొదట్లో పెడితే అది నేరవార్త. అంతసేపు లెక్కలు విన్న తర్వాత పెట్టడం వల్ల పాఠకుడు కూడా ఆ పంచాయితీలో కూర్చున్నవాడైపోయాడు. ‘న్యాయంగానే ఉంది కదా’ అని మనసులో తలూపిన పాఠకుడు ఉంటే అతనికి మరీ కష్టం. ఉద్వేగాన్ని ఎంత పెంచాలన్నది ఒక ప్రశ్న, ఎంతసేపు ఆపాలన్నది దానికంటే పెద్ద ప్రశ్న.

చెహోవ్ 1892లో లిడియా అవిలోవా అనే రచయిత్రికి రాసిన ఉత్తరాల్లో ఇచ్చిన సలహా దీనికి దగ్గరగానే ఉంటుంది. దీనులు, దుఃఖితుల గురించి రాసేటప్పుడు, పాఠకుడిలో జాలి పుట్టాలంటే, రచయిత కాస్త చల్లగా ఉండాలని, ఆ చల్లదనం మీద ఎదుటివాళ్ల దుఃఖం స్పష్టంగా కనబడుతుందని ఆయన ఉద్దేశం. చల్లగా ఉండమంటే పట్టనట్టు ఉండమని కాదు. చెహోవ్ వైద్యుడు. రోగి పక్కన కూర్చున్నప్పుడు చేయి వణకకూడదని తెలిసినవాడు.

ఇప్పుడు మళ్లీ శంషాబాద్‌కు వద్దాం, ఈసారి గల్ఫ్ విమానాల దగ్గరికి. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా సాగుతున్న వలసకు ఈ విమానాశ్రయమే గడప. సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చిన పెద్దింటి అశోక్‌కుమార్ లాంటి రచయితలు ఈ బతుకుల్ని సాహిత్యంలోకి తెచ్చారు. అయినా రాయాల్సింది ఇంకా చాలా ఉంది. వలసల మీద వ్యాసం రాసేవాళ్లు లక్షల్లో లెక్కలు చెబుతారు. కథకుడికి లెక్కలు అంతగా ఉపయోగపడవు.

దీనికి ఒక ప్రయోగం కూడా ఉంది. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చేతిలో 5 డాలర్లున్న మనుషులను ఆఫ్రికా ఆకలి బాధితులకు సాయం చేయమని అడిగారు. కొందరికి లక్షల మంది గణాంకాలు చూపించారు. వాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. ఇంకొందరికి మాలి దేశపు రోకియా అనే ఏడేళ్ల పాప గురించి మాత్రమే చెప్పారు. వాళ్లు 2.38 డాలర్లు ఇచ్చారు. రోకియా కథతోపాటు గణాంకాలూ చూపించినవాళ్ల సగటు 1.43కు పడిపోయింది. పాప పక్కన అంకెలు పెట్టగానే పాప మసకబారిందన్న మాట. వ్యాసకర్తకు అంకెలు తప్పవు. కథ రాసేవాళ్లు మాత్రం ఒక మనిషిని ఎంచుకుని, ఆ మనిషిని వదలకుండా వెళ్లాలి.

సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయ్ వెళ్లి, ఒక హత్య కేసులో శిక్షపడి, దాదాపు 18 ఏళ్లు అక్కడి జైల్లో గడిపిన కార్మికులు కొందరు 2024 ఫిబ్రవరిలో విడుదలై శంషాబాద్‌లో దిగారు. వాళ్ల కుటుంబాలు ఎదురొచ్చాయి. పత్రికలు, టీవీలు ఆ కన్నీళ్లను చూపించాయి, అది వాటి పని. కథకుడు అడగాల్సినవి వేరు. చంటిబిడ్డగా వదిలివెళ్లిన కొడుకు మీసాలతో ఎదురుగా నిలబడితే అలాంటి తండ్రి మొదట ఎవర్ని పోల్చుకుంటాడు? కొడుకు ‘నాన్నా’ అనడానికి ముందు పక్కనున్న తల్లి వైపు చూస్తాడా? ఊరికి పోయే దారిలో కారు ముందు సీట్లో ఎవరు కూర్చుంటారు? ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి నమ్మదగిన జవాబు దొరికినా కథ దొరికినట్టే.

నమ్మదగిన జవాబంటే వివరం సరిగ్గా ఉండాలి. హీరో పరుగెత్తుకుంటూ విమానాశ్రయంలోకి దూసుకొచ్చి సెక్యూరిటీ చెక్ దగ్గర హీరోయిన్ చేయి పట్టుకోవడం తెలుగు సినిమా క్లైమాక్సుల్లో చాలాసార్లు చూశాం. శంషాబాద్‌లో టికెట్ లేనివాళ్లను సీఐఎస్ఎఫ్ జవాన్లు ద్వారం దగ్గరే ఆపేస్తారు. వీడ్కోలు జరిగేది గేటు బయట, రోడ్డు పక్కన, వెనక కార్లు హారన్లు కొడుతుండగా. అద్దంలోంచి ట్రాలీ కనిపించినంత మేరే కొడుకు కనిపిస్తాడు. ఈ అసలు దృశ్యంలో ఉన్న ఇరుకు, హడావిడి, సగం తెగిన మాట సినిమా దృశ్యంలో లేవు.

అలాగే గల్ఫ్‌లో చనిపోయినవాళ్లు ప్రయాణికుల ద్వారంలోంచి రారు. శవపేటిక కార్గో వైపు నుంచి వస్తుంది. ఎంబామింగ్ సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, రద్దుచేసిన పాస్‌పోర్టు, ఎంబసీ అనుమతి పత్రం వెంట ఉంటాయి. ఊరిదాకా ప్రభుత్వం ఉచితంగా అంబులెన్స్ ఏర్పాటు చేస్తుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం అలాంటి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అరైవల్స్ ద్వారంలోంచి శవపేటికను ట్రాలీ మీద తోసుకొచ్చినట్టు రాస్తే, తమ్ముడి కోసం ఆ కార్గో గేటు ముందు నిలబడిన పాఠకుడు ఆ వాక్యం దగ్గరే పుస్తకం మీద నమ్మకం కోల్పోతాడు. రద్దయిన ఆ పాస్‌పోర్టును భార్య ఎక్కడ దాస్తుందో రాస్తే, ఇంకేమీ రాయక్కర్లేదు.

శంషాబాద్ పక్కనే అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది. ఆ గుడి గోపురం, కోనేరు ఎన్నో తెలుగు సినిమాల్లో కనిపించాయి. అక్కడ తీసిన ఏడుపు సన్నివేశానికి తర్వాత స్టూడియోలో నేపథ్య సంగీతం కలుపుతారు. వయొలిన్లు మొదలవగానే ప్రేక్షకుడికి ఎక్కడ ఏడవాలో తెలుస్తుంది. కాగితానికి ఆ సదుపాయం లేదు. కొత్త రచయితలు విశేషణాలను వయొలిన్లలా వాడుతుంటారు. ‘హృదయ విదారకమైన’, ‘అనంతమైన’, ‘మాటలకందని’ లాంటివి తీసేసి చదివి చూస్తే, కింద దృశ్యం ఉందో లేదో బయటపడుతుంది.

ఉద్వేగం అనగానే దుఃఖమే గుర్తొస్తుంది కాబట్టి భయం గురించి రెండు మాటలు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్ మీదుగా శంషాబాద్ వెళ్లే లక్షల మందికి అది పీవీ నరసింహారావు పేరు మీద ఉందని తెలుసు. ఆయన 1949లో ‘విజయ’ అన్న కలంపేరుతో కాకతీయ పత్రికలో ‘గొల్ల రామవ్వ’ అనే కథ రాశారన్నది అందులో కొద్దిమందికే తెలిసి ఉంటుంది. నిజాం పోలీసులు వెంటాడుతున్న యువకుణ్ని తన గుడిసెలో దాచిన ముసలమ్మ కథ అది. పోలీసులకు తెలియనిది మనకు తెలుసు, అందుకే ఊపిరి బిగబడతాం. భయం పుట్టించడానికి చీకటి, ఉరుములు, గుడ్లగూబలు అక్కర్లేదు. పాఠకుడికి తెలిసిన ఒక్క సంగతి పాత్రకు తెలియకపోతే చాలు.

సాధన చేయాలనుకునేవాళ్లకు దారి సులువే. నగరం నుంచి పుష్పక్ బస్సు ఎక్కితే విమానాశ్రయం చేరొచ్చు. అరైవల్స్ బయట ‘ఎయిర్‌పోర్ట్ విలేజ్’ అని పిలిచే ఆరుబయలు ప్రాంగణంలో టికెట్ లేకుండానే టీ తాగుతూ కూర్చోవచ్చు. గల్ఫ్ విమానం దిగిన సమయంలో చూడండి. ముఖాలను కాసేపు వదిలేసి చేతుల్ని చూడండి. మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి తాళ్లతో బిగించిన అట్టపెట్టె మీద ఎవరి చెయ్యి ముందు పడింది? దుప్పటి మూట ఎవరు అందుకున్నారు? తండ్రి భుజం మీద చెయ్యి వేయబోయి ఎవరు వెనక్కి తీసుకున్నారు? ఇంటికొచ్చి ఆ దృశ్యాన్ని ఒక్క భావవాచకం కూడా వాడకుండా ఒక పేజీ రాయండి. బాధ, ఆనందం, ప్రేమ, గుండె, కన్నీరు అనే మాటలు ఆ పేజీలోకి రాకూడదు. వారం ఆగి, కథ సంగతేమీ తెలియని మనిషికి చదివి వినిపించండి. ‘పాపం’ అని వాళ్లే అంటే పేజీ పనిచేసింది. ‘తర్వాతేమైంది?’ అంటే ఇంకా బాగా పనిచేసింది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. విమానాశ్రయంలో ఏడుస్తున్న మనిషి రచయితకు ముడిసరుకు కాదు. దగ్గరికెళ్లి ఫొటో తీయొద్దు, ఫోన్‌తో వీడియో తీయొద్దు. ఎవరైనా తమ కథ చెప్పుకుంటే, రాయవచ్చా అని అడగండి. పేరు, ఊరు, గుర్తుపట్టగలిగే వివరాలు మార్చండి. అవతలి మనిషి చదివితే అవమానపడే వాక్యం ఏదైనా ఉంటే, అది ఎంత అందంగా కుదిరినా కొట్టేయండి.

తర్వాతి అధ్యాయానికి వెళ్లేముందు ‘గాలివాన’, ‘వాయులీనం’, ‘యజ్ఞం’, ‘గొల్ల రామవ్వ’ నాలుగూ సంపాదించి చదవండి. పుస్తకాల షాపులో దొరక్కపోతే, 1997లో కారా మాస్టారు శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం ఉంది, తెలుగు కథలను పోగుచేసి ఆన్‌లైన్‌లోనూ అందిస్తోంది. చదివేటప్పుడు చేతిలో పెన్సిల్ పెట్టుకుని, మీ గొంతులో ఏదో అడ్డుపడినట్టు అనిపించిన చోట గీత గీయండి. ఆ గీతకు పైనున్న పది వాక్యాలను మీ నోట్‌బుక్‌లో చేత్తో ఎత్తిరాసుకోండి.